ఎం25.569 గారికి ఎడమ మోకాలి అర్జీ

మహారాజశ్రీ ఎం25.569 గారి సముఖానికి,

అమెరికాలో ఒక సిపాయికి నేను ఎడమ మోకాలిని. తమరు ఆ దేశపు వైద్య రికార్డుల్లో ‘మోకాలి నొప్పి, ఏ మోకాలో చెప్పలేదు’ అనే రోగ సంకేతం. 2015 అక్టోబర్ 1న అక్కడివాళ్ళు ఐసీడీ-10 అనే కొత్త రోగ సంకేతాల పుస్తకానికి మారినప్పుడు తమరికి కొలువు దొరికింది. కుడి నొప్పికి 561, ఎడమ నొప్పికి 562 అని మీ తోబుట్టువులిద్దరూ పక్కనే ఉన్నారు. అయినా రద్దీలో ఉన్న డాక్టరుగారి వేలు మీ మీదే పడింది. మావాడు కుంటుకుంటూ వచ్చి ఎదురుగానే నిలబడ్డాడు, ఉన్నవి రెండే కాళ్ళు. పొద్దస్తమానం లెఫ్ట్, రైట్ అని అరిచే కొలువులో ఆ ఒక్క ముక్క అడిగే నాథుడు లేకపోయాడు.

మీ పుస్తకానికి ఓపిక లేదనలేం. బాతు కరిస్తే ఒక సంకేతం, బాతు వచ్చి గుద్దితే ఇంకొకటి. జెట్ ఇంజన్ లోపలికి లాగేసుకున్న మనిషి మళ్ళీ చూపించుకోవడానికి వస్తే దానికీ ఉంది. (మళ్ళీ వచ్చాడంటే వాడికి దండం పెట్టాలి.)

పాత పుస్తకంలో మీ చోట ఉన్న మీ తాతగారు 719.46 అయితే మోకాలి పేరే ఎత్తేవారు కాదు, ‘కాలి కింది భాగపు కీలు నొప్పి’ అని సరిపెట్టేవారు. ఆ రోజుల్లో గాయాల పట్టికకి ఎక్కాలంటే దెబ్బల అధ్యాయంలో ఉండాలి. రోజూ బరువు మోసి, పరుగెత్తి వాచిపోయిన నాలాంటివాళ్ళం కీళ్ళ జబ్బుల అధ్యాయంలో లెక్కాపత్రం లేకుండా పడి ఉండేవాళ్ళం. సైనిక పరిశోధకులు ఆ అధ్యాయాన్ని తవ్వి 2006 లెక్క తీస్తే, యుద్ధానికి వెళ్ళని సైనికుల్లోనే 7,43,547 గాయాలు బయటపడ్డాయి. అందులో 82 శాతం ‘వాపు, నొప్పి’ అనే గూట్లోకే చేరాయి. ఏ అవయవానికి ఎంత అని చూస్తే మోకాలూ దాని కింది కాలూ కలిపి 22 శాతం, అన్నిటికన్నా పెద్ద వాటా మాదే.

ఇక 60 రోజుల లెక్క. ఒకే సంకేతంతో 60 రోజుల్లోపు మళ్ళీ వస్తే పాత గాయం, దాటితే కొత్త గాయం అని ఈ పరిశోధనల్లో వాడే కొలత. అలాగే 61వ రోజున నేను కొత్తగా పుడతాను. ఈలోగా ఎంఆర్ఐ తీసి, లోపల లిగమెంటు తెగిందని తేలితే నన్ను మోకాలి లిగమెంటు దెబ్బల సంకేతమైన ఎస్83లోకి మారుస్తారు. మోకాలు ఒకటే, గాయాలు రెండు. అది తాజాగా తెగిందా, పాత తెగుడా అన్న అనుమానం వస్తే మోకాలి లోపలి పాత తెగుళ్ళని చూసుకునే ఎం23 గారు కూడా చాప పరిచి కూర్చుంటారు. వీటన్నిటినీ కూడి, భాగించి, దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలతో సహా పట్టిక వేస్తారు!

మిమ్మల్ని ఉద్యోగం మానమనడం లేదు. స్పృహ తప్పినవాడు వస్తే మీ అవసరం ఉంటుంది. తెర మీద మీ పేరు 561, 562ల కిందికి జరిగితే చాలు. ఎందుకంటే నా బరువు కూడా ఇప్పుడు కుడివాడే మోస్తున్నాడు. 60 రోజుల్లోపే వాడూ ఆ గుమ్మం తొక్కుతాడు. వాడి నొప్పిని నా ఖాతాలో రాసి, పాతదేనని కొట్టేయకండి.

ఇట్లు,
ఎడమ మోకాలు