ఒత్తుల దాకా రాని చదువు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రెండో తరగతి పిల్లను పాఠం చదవమంటే చాలాచోట్ల గడగడా అప్పజెబుతుంది. మూడో వరుసలో నడిమి పదం మీద వేలుపెట్టి ఇదేంటని అడిగితే మాత్రం మళ్లీ మొదటి వరుస నుంచి అందుకుంటుంది. చూపు పుస్తకం మీదే ఉన్నా, నోట వచ్చేది నలుగురితో కలిసి వల్లించిన పాఠం. కలిగినింట్లో ఈ లోటును ట్యూషనో, చదువుకున్న తల్లో పూడుస్తుంది. కూలికి పోయే ఇంట్లో బడి వదిలేసింది వదిలేసినట్టే ఉండిపోతుంది.

తప్పు పిల్లలది కాదు, నేర్పే వరుసది. ముందు అక్షరమాలంతా దిద్దించి, ఆపై గుణింతాలు, అన్నీ అయ్యాక ఒత్తులు. గుణింత రూపాలే ఐదు వందలు దాటుతాయి. అవి ముగిసేలోగా పిల్లకు తెలిసిన మాటలు పలక మీదికి వచ్చేది తక్కువే. అమ్మ, అవ్వ, అన్న, బర్రె, జొన్న, పత్తి... ఇంట్లో పొద్దున లేస్తే వినేవన్నీ ఒత్తు మాటలే మరి!

వరుస మార్చడానికి పైసా ఖర్చు లేదు. మొదట త, ల, క, ప, ర, మ చాలు. ఈ ఆరింటితోనే తల, కల, పలక, కలప, మర చదివేయొచ్చు. దీర్ఘం చెప్పగానే తాత, పాప, మామ వస్తాయి. గుడి, కొమ్ములతోపాటే అమ్మతో మొదలుపెట్టి ద్విత్వాలూ చూపాలి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు కనుక వాటిని ఒక్కొక్కటిగా, విడిగా నేర్పాలి. ప-ష, వ-మ, ద-ధ జంటల్ని ఒకే వారంలో చెప్పకూడదు. చెబితే రెండూ కలగాపులగమై నెలల తరబడి వదలవు.

దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలది ఇంట్లో గోర్‌బోలి, అంటే లంబాడీల మాట. తల్లి బొమ్మ చూసి తమ మాటలో ‘యాడి’ (అమ్మ) అన్న పిల్లాడిని మొదటిరోజే సరిదిద్దితే మళ్లీ నోరు విప్పడు. వాళ్లకు ముందు బొమ్మల మీద ముచ్చట్లు, కథలు, ఆ తర్వాతే అక్షరం. ఈ పని అంగన్‌వాడీలోనే సగమైనా జరగాలి. ఇటుక బట్టీల వలస నుంచి తిరిగొచ్చిన పిల్లల సంగతి ఇంకో రకం. తరగతి నడుస్తున్న పేజీ ముందు కూర్చోబెడితే వాళ్లకు మిగిలేది చూసిరాతే. ఏ అక్షరం దగ్గర ఆగారో అక్కడి నుంచే ఎత్తుకోవాలి.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం రావాలని, అది 2026-27 నాటికి జరగాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ ప్రకటించింది. అదే పని కోసం తెలంగాణ రాష్ట్రం 2022 ఆగస్టులో తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క టీచరే ఐదు తరగతులూ నెట్టుకొచ్చే బడిలో ఫారాలు నింపడానికే పొద్దు గూకితే ఏ పథకమైనా కాగితం దాటదు. అలాంటి బడిలో తరగతులు పక్కనపెట్టి, చదవగలిగిన మెట్టును బట్టి మూడు గుంపులు చేసి రోజూ ఓ గంట కూర్చోబెట్టడమే మేలు.

నోటుబుక్కులు తిరగేసి సంతకం పెట్టే తనిఖీ ఇక చాలు. నెలకోసారి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు చదివించాలి. పిల్లకు రెండు నిమిషాల లెక్కన ముప్పై మందికి గంట పని. అక్షరం, గుణింతం, ఒత్తు, వాక్యం... ఎవరెక్కడ ఆగారో పేరు పక్కన రాసుకోవాలి. మండల విద్యాధికారి (ఎంఈవో) బడికి వస్తే మొదట అడగాల్సింది ఆ కాగితమే.