అద్దెకు అందని గజం ధర

విజయనగరం చుట్టుపక్కల ఇప్పుడు పెళ్లిపందిట్లో కూర్చున్నా, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డా చెవిన పడే ప్రశ్న ఒకటే: అక్కడ గజం ఎంత నడుస్తోంది? ఒకాయన ఒక అంకె చెబుతాడు. పక్కనున్నాయన అది పోయిన నెల రేటు అంటాడు. ఎవరి మాట నిజమో తేల్చే సాధనం ఈ జిల్లాలో లేదు. జాతీయ హౌసింగ్ బ్యాంకు వెలువరించే ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లో 50 నగరాలున్నాయి. విశాఖ ఉంది, విజయవాడ ఉంది. విజయనగరం గానీ శ్రీకాకుళం గానీ లేవు. రిజిస్ట్రేషన్ కాగితం చూద్దామంటే, అందులో రాసేది ప్రభుత్వ విలువకు దగ్గరగా ఉంటుంది, చేతులు మారే డబ్బు వేరే. కాబట్టి ఇక్కడ ధర అంటే బ్రోకరు నోటి మాటే.

ఆ మాటకు అసలు ఆధారమే లేదని మేము అనడం లేదు. భోగాపురంలో సుమారు 2,200 ఎకరాల్లో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులు చివరి దశకు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా మూలపేటలో పోర్టు కడుతున్నారు. రాయపూర్–విశాఖ ఆరు వరుసల రహదారి మన జిల్లా మీదుగానే పోతుంది. 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2025 అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. రిజర్వ్ బ్యాంకు కూడా, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ అయిన రెపో రేటును 2025లో 6.5 శాతం నుంచి 5.25 శాతానికి దించింది, ఇంటి అప్పు కాస్త తేలికైంది.

ఇవన్నీ నిజాలే. అయితే ఒక విమానాశ్రయాన్ని ఎన్నిసార్లు అమ్ముతారు? 2015లో భూసేకరణ మాట వచ్చినప్పుడు ఒకసారి అమ్మారు. 2019 ఫిబ్రవరి శంకుస్థాపనకు ఇంకోసారి. అదే ఏడాది డిసెంబరులో విశాఖకు కార్యనిర్వాహక రాజధాని అన్నప్పుడు మరోసారి. 2023 మేలో రెండో శంకుస్థాపన, మళ్లీ కొత్త రేటు. ఇప్పుడు రన్‌వే కళ్లకు కనిపిస్తోంది కనుక ఇంకో రేటు. రాబోయే లాభాన్ని పదేళ్లుగా ముందే పిండుకుంటూ వచ్చాక, అది నిజంగా వచ్చిన నాడు కొనేవాడికి మిగిలేదెంత?

ఈ కథ హైదరాబాద్ ఒకసారి చూసింది. 2005 తర్వాత శంషాబాద్ చుట్టూ ఇదే సందడి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. విమానాలు లేస్తూనే ఉన్నాయి, ప్లాట్ల బేరాలు మాత్రం పడకేశాయి. తర్వాత అక్కడ భూమి బాగా పెరిగిన మాట వాస్తవమే, కాదనం. కానీ అది ఏళ్లు గడిచి, ఉద్యోగాలు వచ్చాక పెరిగింది. మధ్యలో వడ్డీలు కట్టలేక తెగనమ్ముకున్నవాళ్లకు అందులో దక్కింది ఏమీ లేదు.

ధర నిలబడుతుందో లేదో చూడటానికి మేము నమ్మే కొలత అద్దె. పట్టణంలో ఒక ఫ్లాటు 50 లక్షలు, అద్దె నెలకు 12 వేలు అనుకుందాం. ఏడాదికి వచ్చేది లక్షా 44 వేలు, పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా కాదు. ఈ విలువ ఇంటికి బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వకూడదు, అంటే 40 లక్షలు. ఎనిమిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్లు పెట్టుకుంటే నెల వాయిదా 33 వేల పైచిలుకు. మిగతా 10 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం చొప్పున మరో మూడుముప్పావు లక్షలు ముందే చేతిలో ఉండాలి. 12 వేలకు అద్దెకు దొరికే ఇంటికి నెలకు 33 వేలు కట్టేవాడు ఇల్లు ఒక్కటే కొనడం లేదు, రేపు ఇంకొకడు ఇంకా ఎక్కువకు కొంటాడన్న నమ్మకాన్ని కూడా కొంటున్నాడు. మన ఊళ్లో జీతాలు గజం రేటుతో పాటు పెరిగి ఉంటే ఈ లెక్క వేరుగా ఉండేది.

ఫ్లాటుకైనా అద్దె అనేది ఒకటి ఉంది. ఖాళీ ప్లాటుకు అదీ లేదు. జాతీయ రహదారి మీద నాతవలస దాటి ఏ వెంచర్‌లోకైనా వెళ్లి చూడండి. సిమెంటు ఆర్చి, రెండు వరుసల కొబ్బరి మొక్కలు, పసుపు రంగు రాళ్ల మీద నంబర్లు, రాళ్ల మధ్య మోకాలెత్తు గడ్డి, గడ్డిలో గేదెలు. ఆదివారం విశాఖ నుంచి కార్లలో తీసుకొచ్చి, టెంటు కింద బిర్యానీ పెట్టి, ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ బిట్టు ఇంకొకటే మిగిలిందంటారు. వచ్చే ఆదివారం కూడా ఆ ఒక్కటే మిగిలి ఉంటుంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి పోగా అమ్మకానికి మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువ. అలాంటి ఎకరాలు వందల్లో ప్లాట్లయ్యాయి. వాటిలో ఇల్లు కట్టి దీపం పెట్టినవాళ్లను మాత్రం వెతుక్కోవాలి.

కొన్నదెవరు? ఎక్కువగా మనవాళ్లే. ఉద్దానం నుంచి సైన్యంలో చేరిన జవాను, పైడిభీమవరం ఫార్మా కంపెనీలో షిఫ్టు చేసే కుర్రాడు, రిటైరైన మాస్టారు. చీటీ పాడి, బంగారం తాకట్టు పెట్టి, అమ్మాయి పెళ్లినాటికి రెట్టింపవుతుందని కొన్నవాళ్లు. ఈ డబ్బులో బ్యాంకు అప్పు తక్కువ కనుక ధర పడినా ఏ బ్యాంకూ మునగదు, పేపర్లో పెద్దక్షరాల వార్తా రాదు. ఇంకో సంగతి, మన దగ్గర ధర పడినట్టు కనిపించదు కూడా. బోర్డు మీద అదే రేటు ఉంటుంది, కొనేవాడు ఉండడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతిలో జరిగింది అదే. అమ్ముదామన్నా అడిగే దిక్కు లేక, పిల్లల ఫీజులకు, ఆసుపత్రి ఖర్చులకు జనం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. 2024 జూన్ తర్వాత అక్కడ మళ్లీ కదలిక వచ్చింది, అదీ ప్రభుత్వం మారితే గానీ రాలేదు.

అందుకే మా అంచనా ఇది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో జనం కాపురం ఉండే వీధుల్లో ధరలు పెద్దగా పడవు, కొన్నాళ్లు అక్కడే నిలిచిపోవచ్చు. రహదారి పక్కన రాళ్లు పాతి వదిలేసిన వెంచర్లలో ఇప్పటి రేట్లు నిలబడవు. ఉండటానికి ఇల్లు కొనేవాళ్లు వాయిదా కట్టగలిగితే భయపడనక్కర్లేదు. రెట్టింపు ఆశతో అప్పు చేసి ప్లాటు కొనేవాళ్లు ఆగడం మంచిది.

ప్రభుత్వం ఆపుతుందని ఎదురుచూడటం దండగ. రేటు పెరిగితే రిజిస్ట్రేషన్ రుసుముల్లో దానికే ఆదాయం. 2025 ఫిబ్రవరిలో భూముల మార్కెట్ విలువలు సవరించిందీ అందుకే. అనుమతి లేని లేఅవుట్లను 2020లో ఒకసారి, 2025లో మరోసారి క్రమబద్ధీకరించడానికి సిద్ధపడ్డాక, తప్పు చేసేవాడికి ఇక భయమేముంటుంది? పేదలకు ఇళ్ల స్థలాలదీ ఇదే తీరు. 2020 డిసెంబరులో విజయనగరం దగ్గరి గుంకలాంలో 12 వేలకు పైగా పట్టాలిచ్చారు. ఇచ్చిన పట్టాల లెక్క అందరూ చెబుతారు. అక్కడ కాపురాలెన్ని అన్నది ఎవరూ చెప్పరు.

కనీసం చేతిలో ఉన్న పనైనా చేయాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ ఏదైనా స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, అడ్వాన్సు తీసుకోవడం చట్టరీత్యా నేరం. అయినా ప్రీ లాంచ్ ఆఫర్ల ఫ్లెక్సీలు రోడ్డు పొడవునా వేలాడుతున్నాయి, అధికారులు ఆ రోడ్డు మీదే తిరుగుతున్నారు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూముల్లో అమ్మడానికి వీల్లేనివి, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో ఉన్నవి, అనుమతి లేని లేఅవుట్ల సర్వే నంబర్లు ఊరు వారీగా తెలుగులో రాసి ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు, గ్రామ సచివాలయానికి అంటించడానికి బడ్జెట్ అక్కర్లేదు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, జిల్లా యంత్రాంగం ఆ పని విమానాశ్రయం ప్రారంభోత్సవానికి ముందే ముగించాలి. ఆ వారంలోనే అన్నిటికంటే ఎక్కువ బుకింగులు జరుగుతాయి.