ఎయిర్‌షిప్‌కు ముహూర్తం పెట్టొద్దు

మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుంచి 2025 మే 3న డీఆర్‌డీవో ఎగరేసిన స్ట్రాటోస్ఫెరిక్ ఎయిర్‌షిప్ (గాలి కంటే తేలికైన గ్యాస్‌తో తేలే ఆకాశనౌక) దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. మొత్తం 62 నిమిషాలు ఎగిరింది. తొలి ప్రయత్నానికి ఇది మంచి ఫలితం. దాన్ని రూపొందించిన ఆగ్రాలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏడీఆర్‌డీఈ శాస్త్రవేత్తలు అభినందనీయులు. అయితే నెలల తరబడి ఆకాశంలో నిలిచి సరిహద్దు కాసే నౌక ఎప్పటికి వస్తుందన్న ప్రశ్న ఇక ఆగదు. దానికి ఏ మంత్రీ తేదీతో జవాబు చెప్పకూడదని మేం కోరుతున్నాం. ఈ రంగంలో తేదీకి లొంగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన ఉపఖండానికే బయలుదేరి, దారిలోనే కూలిపోయిన నౌక ఒకటుంది.

దాని పేరు ఆర్101. లండన్ నుంచి కరాచీకి ప్రయాణికులను, టపాను చేరవేయాలని బ్రిటిష్ ప్రభుత్వం 1924లో పథకం వేసింది. నౌకను ఇంగ్లండ్‌లోని కార్డింగ్‌టన్‌లో కట్టారు. ఈజిప్టులోని ఇస్మాయిలియాలో నౌకను కట్టి ఉంచే మూరింగ్ స్తంభం, కరాచీలో స్తంభంతోపాటు బ్రహ్మాండమైన షెడ్డు లేపారు. వేడి దేశాల్లో పెట్రోలు ఆవిరి ప్రమాదమని డీజిల్ ఇంజిన్లు ఎంచుకున్నారు. భద్రత కోసం తీసుకున్న ఆ నిర్ణయమే బరువుకు మొదటి మెట్టయింది. రైళ్ల కోసం రూపొందిన నమూనా నుంచి వచ్చిన ఆ ఇంజిన్లు ఒక్కొక్కటి రెండు టన్నులకు పైగా తూగాయి. ఉన్నవి ఐదు. వాటిలో ఒకదాన్ని మొదట్లో కేవలం వెనక్కి నడపడానికే కేటాయించారు! స్తంభం దగ్గర కాసేపు పనికొచ్చే యంత్రాన్ని దారంతా మోయడమన్న మాట.

1929లో తూకం వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఇంధనం, సిబ్బంది, సరుకు కలిపి 60 టన్నులు మోస్తుందనుకున్న నౌక 35 టన్నులే మోయగలిగింది. అక్కడి నుంచి మొదలైనవన్నీ అతుకులే. గ్యాస్ సంచులను పట్టి ఉంచే తీగల వలను వదులు చేసి ఎక్కువ హైడ్రోజన్ నింపారు. ఉబ్బిన సంచులు లోహపు చట్రానికి రాసుకుని చిల్లులు పడ్డాయి. వేలాది చోట్ల మెత్తలు చుట్టాల్సి వచ్చింది. ఆ మెత్తలను నమ్మలేమని తనిఖీ అధికారి 1930 జులైలో పైవాళ్లకు రాసినా, దాన్ని పక్కన పెట్టారు. పై వస్త్రం పాతబడి పెళుసుబారింది. జూన్‌లో స్తంభానికి కట్టి ఉండగానే 40 మీటర్లకు పైగా చీరుకుపోయింది. చివరికి నౌకను నడిమికి కోసి, 14 మీటర్ల కొత్త భాగాన్ని ఇరికించారు.

ఇంతచేసీ ఎండ మాటేమిటి? 15 డిగ్రీల దగ్గర ఘన మీటరు హైడ్రోజన్ సుమారు 1.14 కిలోలు లేపుతుంది. 35 డిగ్రీల దగ్గర 1.07 కిలోలే. పొడిగించిన ఆర్101లో 1.55 లక్షల ఘన మీటర్ల గ్యాస్ పడుతుంది. అంటే కరాచీ ఎండలో అదే నౌక దాదాపు 11 టన్నులు తక్కువ మోస్తుంది. కార్డింగ్‌టన్‌లో అది ఎక్కించుకున్న ఇంధనమే 25 టన్నులు. క్షేమంగా కరాచీ చేరినా, అక్కడి నుంచి తిరుగు ప్రయాణానికి లేవడం మరో గండం.

అయినా 1930 అక్టోబరు 4 సాయంత్రం బయలుదేరదీశారు. విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ అందులో ఇండియా వెళ్లి, అదే నెలలో లండన్‌లో జరిగే సామ్రాజ్య సమావేశానికి తిరిగి రావాలి. కొత్త భాగం చేర్చాక జరిగిన పరీక్ష ఒక్కటే, అదీ 17 గంటలు. ఒక ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ చెడిపోవడంతో పూర్తి వేగంతో నడిపి చూడనేలేదు. స్తంభం వదలగానే నిలదొక్కుకోవడానికి బరువు సరిచూసుకోవడానికి మోసే బలాస్ట్ నీటిలో 4 టన్నులు పారబోయాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటాక, రెండు గంటల వేళ, ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర గాలివానలో ముక్కు వంచి కొండను తాకి తగలబడింది. 54 మందిలో 48 మంది చనిపోయారు. వారిలో థామ్సన్ ఉన్నారు. రాజకీయ అవసరమే లేకపోతే ఆ సాయంత్రం ఆ నౌక బయలుదేరేది కాదని సర్ జాన్ సైమన్ విచారణ తేల్చింది. ఈయన మన పెద్దలు ‘గో బ్యాక్’ అన్న సైమనే. ఈ నివేదికలో మాత్రం ఆయన మాట నిక్కచ్చి.

తప్పంతా మండే హైడ్రోజన్‌దే, ఇప్పుడు మండని హీలియం ఉంది కదా అనే వాదన ఒకటుంది. అది సగం నిజం. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో జర్మన్ ఎయిర్‌షిప్ హిండెన్‌బర్గ్‌ను కాల్చింది హైడ్రోజనే. హీలియం ఎగుమతిపై అమెరికా ఆంక్షల వల్లే ఆ నౌకలో హైడ్రోజన్ నింపారు. కానీ హీలియం పుష్కలంగా ఉన్న అమెరికా నౌకాదళం సంగతి చూడండి. అది నడిపిన నాలుగు పెద్ద లోహచట్రపు నౌకల్లో మూడింటిని వాతావరణం మింగేసింది. 1925లో షెనాండోవా ఒహాయో మీద తుపానుగాలిలో ముక్కలైంది. 1933లో ఆక్రాన్ సముద్రంలో పడి 76 మందిలో 73 మంది పోయారు. 1935లో మేకన్ కాలిఫోర్నియా తీరంలో మునిగింది. ఎక్కడా నిప్పు లేదు. మరోవైపు హైడ్రోజన్‌తోనే జర్మన్ నౌక గ్రాఫ్ జెప్పెలిన్ 590 సార్లు ఎగిరింది, దాదాపు 17 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ప్రయాణికుల్లో ఎవరూ గాయపడలేదు. దాన్ని నడిపిన హ్యూగో ఎకెనర్ వాతావరణ పటం చూసి తుపానును చుట్టి వచ్చేవాడు. ఇంధనంగా దాదాపు గాలి అంత బరువే ఉండే బ్లావ్ గ్యాస్ వాడేవారు. అందువల్ల ఇంధనం తగ్గేకొద్దీ నౌక తేలికై పైకి లేచిపోయే బెడద తప్పింది. లేకపోతే నౌకను లేపే ఖరీదైన గ్యాస్‌ను వదిలేయాల్సి వచ్చేది.

గాలి దెబ్బ మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటి జర్మన్లకూ తెలుసు. 1916 సెప్టెంబరులో నిప్పు రాజేసే తూటాలతో ఒక బ్రిటిష్ పైలట్ జర్మన్ ఎయిర్‌షిప్ ఎస్‌ఎల్11ను కూల్చాక, వాళ్లు తుపాకులకు అందనంత ఎత్తుకు వెళ్లే తేలిక నౌకలు కట్టారు. 1917 అక్టోబరు 19 రాత్రి అలాంటి 11 నౌకలు ఇంగ్లండ్ మీదికి వెళ్లాయి. పైన ఎవరూ ఊహించని ఉత్తరపు గాలి వాటిని ఫ్రాన్స్ మీదికి తోసేసింది. అక్కడే నాలుగు పోయాయి.

శ్యోపూర్ ప్రయోగానికి ఈ చరిత్ర ఇక్కడే పనికొస్తుంది. 17 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీద ఉన్నదానిలో తొమ్మిదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఘన మీటరు హీలియం అక్కడ 120 గ్రాములు లేపితే గొప్ప. కిలో బరువుకు ఎనిమిది ఘన మీటర్ల పైచిలుకు గ్యాస్ కావాలి. దాన్ని పట్టే సంచి బరువూ అందులోంచే పోవాలి. పగలు ఎండకు లోపలి గ్యాస్ బయటి గాలి కంటే వేడెక్కి పీడనం పెరుగుతుంది, రాత్రి పడిపోతుంది. రోజూ ఈ సాగుడు, కుంచించుకుపోవడం తట్టుకుంటేనే నెలల మాట. 62 నిమిషాల ప్రయోగం ఈ పరీక్ష పెట్టలేదు. పైగా ఆ ఎత్తుకు చేరాలంటే నైరుతి రుతుపవనాల్లో తూర్పు జెట్‌ను, శీతాకాలం ఉత్తరాదిన పశ్చిమ జెట్‌ను, అంటే ఎగువన వేగంగా వీచే గాలి ప్రవాహాలను, దాటాలి. సోలార్ విద్యుత్తుతో తిరిగే ప్రొపెల్లర్లకు ఆ గాలులు లొంగవు.

ఈ గాలుల సంగతి హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రానికి దశాబ్దాలుగా తెలుసు. పలుచని పాలిథిన్‌తో చేసి, హైడ్రోజన్ నింపిన వాళ్ల బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. పారాచూట్‌తో దిగిన వాటి పరికరాలను చూసి మన పల్లెల్లో జనం గుమిగూడటమూ మామూలే. వాళ్ల ఎగువ గాలుల రికార్డులు డీఆర్‌డీవో బృందం బల్ల మీద ఉండాలి. హీలియం విషయమూ తేల్చాలి. మన అవసరమంతా దాదాపు దిగుమతే. మనుషులు ఎక్కని నౌకకు హైడ్రోజన్ ఎందుకు వాడకూడదో నిపుణులు లెక్కవేసి చెప్పాలి.

సరుకు మోసే ఎయిర్‌షిప్పులంటూ మన రాష్ట్రాలకు వచ్చే పెట్టుబడి ప్రతిపాదనలను మాత్రం ఒక్క ప్రశ్నతో వడగట్టవచ్చు: 60 టన్నులు దించగానే తేలికైన నౌకను కింద పట్టి ఉంచే 60 టన్నుల నీరు అదే చోట, అదే సమయంలో ఎక్కడి నుంచి వస్తుంది? 160 టన్నులు మోసే నౌక కడతామన్న జర్మన్ సంస్థ కార్గోలిఫ్టర్ 2002లో దివాలా తీసింది. అది కట్టిన 360 మీటర్ల హ్యాంగర్ ఇప్పుడు వాటర్ పార్కు.

కేంద్రం ముందుగా డబ్బు పెట్టాల్సింది నౌకల మీద కాదు, నేల మీద. 2017 నవంబరులో బ్రిటిష్ ఎయిర్‌షిప్ ఎయిర్‌లాండర్ 10 అదే కార్డింగ్‌టన్‌లో స్తంభం నుంచి ఊడిపోయి సంచి చీరుకుంది. 2015లో అమెరికా సైన్యపు కాపలా బెలూన్ మేరీల్యాండ్‌లో తెగి, పెన్సిల్వేనియా మీదుగా తీగను ఈడ్చుకెళ్లి కరెంటు తీగలు తెంపింది. కాబట్టి గాలికి అడ్డుగా నిలిచే షెడ్డు, చుట్టూ తిరిగే స్తంభం, గంట గంటకూ ఎగువ గాలులు చెప్పే కేంద్రం ముందుగా కావాలి. ప్రతి ప్రయోగం తర్వాత అనుకున్న బరువెంత, తేలిన బరువెంత అన్నది పార్లమెంటరీ రక్షణ స్థాయీ సంఘం ముందు పెట్టాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా తగ్గేదాకా తర్వాతి దశకు నిధులు విడుదల చేయకూడదు.