ఊర్మిళ నిద్రా, స్లీప్ 90

రీస్టార్ట్ చేసిన సర్వర్ లేచిందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులు. ఒకటి, అది పలికేదాకా మళ్లీ మళ్లీ అడగడం. రెండు, "ఈపాటికి లేచే ఉంటుందిలే" అనుకోవడం. మొదటిదానికి నాలుగు లైన్ల కోడు రాయాలి. రెండోదానికి ఐదు సెకన్లు ఆగమనే కమాండ్, స్లీప్ 5 చాలు. బుద్ధిమంతులు ఏ దారిన పోతారో వేరే చెప్పాలా?

మా టీంలో అలాంటి బుద్ధిమంతుడు ఒకాయన ఉన్నాడు. అర్ధరాత్రి నడిచే ఆయన స్క్రిప్టు సర్వర్‌ని రీస్టార్ట్ చేసి, కాసేపు ఆగి, డేటా ఎక్కిస్తుంది. ఆ కాసేపు మొదట్లో 5 సెకన్లు. ఓ రాత్రి అది చాల్లేదు, 10 చేశాడు. సంక్రాంతి సెలవుల్లో ఊళ్లో ఉండగా ఫోనొచ్చింది, 30 చేశాడు. చివరికి 90 దగ్గర కుదురుకుంది. 90 ఎందుకని అడక్కూడదు. ముహూర్తం పెట్టిన పంతులుగారిని 9 గంటల 42 నిమిషాలే ఎందుకని అడుగుతామా?

ఈ నిద్రాశాస్త్రంలో శాఖాభేదాలున్నాయి. షెల్‌లో, పైథాన్‌లో 5 అంటే 5 సెకన్లు. విండోస్‌లో పనుల్ని ఆటోమేట్ చేసే ఆటోహాట్‌కీలో 5 మిల్లీసెకన్లు. ఆటోహాట్‌కీకి అలవాటైన చెయ్యి షెల్‌లో 5000 కొట్టిందంటే గంటా ఇరవై మూడు నిమిషాలు. ఈలోగా మనం భోంచేసి, టీ తాగి, ఏ పాపం ఎరుగని నెట్‌వర్క్ టీంని తిట్టి రావచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది విండోస్ బ్యాచ్ ఫైళ్ల పాతకాలపు పద్ధతి. ఆగమని చెప్పే కమాండ్ చేతిలో లేక, పెద్దలు 127.0.0.1కి, అంటే సొంత కంప్యూటర్‌కే, "ఉన్నావా" అని ఆరు పింగ్‌లు కొట్టమన్నారు. అంటే, ఎవరింటి తలుపు వాళ్లే బయటికొచ్చి ఆరుసార్లు తట్టుకోవడం. తట్టుకీ తట్టుకీ మధ్య ఒక సెకను, వెరసి ఐదు. లోపల్నుంచి "నేనే" అని వచ్చిన జవాబు చెత్తబుట్టలోకి. తర్వాత టైమౌట్ అనే అసలు కమాండ్ వచ్చింది గానీ, దాని ఇన్‌పుట్‌ని దారి మళ్లిస్తే అలిగి, ఎర్రర్ మొహాన కొట్టి, ఆగకుండా వెళ్లిపోతుంది. పింగ్‌కి అలకల్లేవు పాపం.

మన ఊర్మిళమ్మ పద్నాలుగేళ్ల నిద్రనైనా లినక్స్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. లీపు రోజులు వదిలేస్తే, స్లీప్ 5110డి (డి అంటే రోజులు). జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఆ తల్లికి కునుకు పట్టదు. అక్కడ స్లీపే లేదు. ఇంతసేపయ్యాక ఈ పని చెయ్యి అని చెప్పడానికి ఉన్న సెట్‌టైమౌట్‌కి 24 రోజుల 20 గంటలు దాటాక లెక్క పొంగిపోతుంది. పద్నాలుగేళ్లు అడిగితే లక్ష్మణుడు గుమ్మం దాటకముందే లేపి కూర్చోబెడుతుంది.

అన్నట్టు, మా సర్వర్ పోయిన ఏడాది మారింది. కొత్తది నాలుగు సెకన్లలో లేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఆ 90ని తగ్గిద్దామంది.

"తగ్గించమ్మా. కామెంట్‌లో నీ ఫోన్ నంబర్ రాసిపెట్టు" అన్నాడు బుద్ధిమంతుడు.

ఇప్పుడది 120.