సవరణ: వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు

50 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపవుతుందని పోయిన వారం రాశాను. తప్పు. పెరిగేది 3 డెసిబెల్సే (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం). చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి.

మరి హనుమకొండలో మా ఇంట్లో ఆంప్లిఫయర్ మార్చినప్పుడు అంత తేడా ఎలా వినిపించింది? పాతదానికి ఎడమ స్పీకర్ తీగలు తారుమారుగా ఉన్నాయి, ఎరుపు చోట నలుపు. బిగించింది నేనే! అప్పుడు ఒక స్పీకర్ పొర ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది. రెండింటి బేస్ (లోతైన శబ్దం) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పాడేవారి గొంతు మధ్యలో నిలవదు. కొత్తది పెట్టినప్పుడు తెలియకుండానే సరిచేశాను.

నిన్న పాతదానికే తీగలు సరిగా కలిపి విన్నాను. ఒగ్గుడోలు దెబ్బ ఛాతీకి తగిలింది. నా మాట నమ్మి కొనబోతున్నవారు ముందు స్పీకర్ల వెనక చూడండి.