జిల్లాకో నౌకాదళం: పదవులు ముందు, పడవలు తర్వాత

పరాయి రాష్ట్రం సోనా బోట్లు (జోరుగా పోయే పెద్ద మరపడవలు) మన వలలు తెంచుకుపోయినప్పుడల్లా నెల్లూరు జిల్లా కావలి టీ కొట్లలో ఒక మాట లేస్తుంది: "మనకంటూ ఒక నేవీ ఉండాల్సిందేనబ్బా." సబబైన కోరికే. ఇస్కపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం... రేవులకు కొదవ లేదు. పడవలూ ఉన్నాయి. లేనిదల్లా కార్యవర్గం. అది ఏర్పడితే యుద్ధం ఎవరితో అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు. అందుకని ప్రపంచ నౌకాదళాల చరిత్ర తిరగేసి, మన స్వభావానికి సరిపడే పద్ధతులు ఏరి జిల్లా ప్రజల ముందు పెడుతున్నాం.

మామూలుగా నౌకాదళంలో మూడంచెలుంటాయి. ఒడ్డున కమాండ్ అధిపతి. డాక్‌యార్డు, ఇంధనం, మందుగుండు, తిండి, వేగు సమాచారం ఆయన చూసుకుంటారు. ఫ్లీటు, అంటే ఓడల దండు, ఏ పని మీద బయల్దేరాలో చెప్పేదీ ఆయనే. సముద్రం మీద ఫ్లీట్ కమాండర్. అప్పజెప్పిన పని ఎట్టా చెయ్యాలన్నది ఆయన ఇష్టం. ఆ కింద ఓడకో కెప్టెన్. విశాఖలోని తూర్పు నౌకాదళానిదీ ఇదే అమరిక: ఒడ్డున వైస్ అడ్మిరల్, ఓడల మీద రియర్ అడ్మిరల్. ఇందులో మనకు మింగుడుపడని నియమం ఒకటుంది. ఒడ్డునున్నాయన ఎంత పెద్దాయనైనా, కాల్పులు మొదలయ్యాక వైర్‌లెస్ పట్టుకుని "ఎడమకు తిప్పు, కుడికి తిప్పు" అనకూడదు. ఆ మాత్రం అనే వీలు లేకపోతే గౌరవాధ్యక్ష పదవి ఎవరికి కావాలి? ఈ నియమాన్ని మొదటి సమావేశంలోనే కొట్టేయాలి.

తర్వాతది రంగు. 1907 నవంబరులో జర్మనీ చక్రవర్తి చూడవస్తున్నాడని బ్రిటిష్ ఛానెల్ ఫ్లీట్ అధిపతి బెరెస్‌ఫోర్డ్ సాధనలాపి ఓడలకు రంగులెయ్యమన్నాడు. ఒక క్రూజరు యుద్ధనౌక, ఫిరంగుల సాధన ముగించుకుని వస్తామని అడిగింది. దాని స్క్వాడ్రన్‌కు, అంటే ఓడల జట్టుకు, పెద్దయిన పెర్సీ స్కాట్, గురి కంటే రంగుకే గిరాకీ ఎక్కువున్నట్టుంది, వచ్చి ముస్తాబవ్వండి అని జవాబిచ్చాడు. బెరెస్‌ఫోర్డ్ మండిపడి స్కాట్‌ను అందరిముందూ దులిపేశాడు. ఇటు బెరెస్‌ఫోర్డ్‌కూ, లండన్‌లో నౌకాదళం మొత్తానికి పెద్దయిన ఫిషర్‌కూ పడదు. ఆ ఏడే హోం ఫ్లీట్ అని ఇంకొకటి పుట్టించి దాన్ని బెరెస్‌ఫోర్డ్ చేతికివ్వలేదు. యుద్ధమొస్తే ఎవరి కింద ఎన్ని ఓడలన్నది రెండేళ్లు పేపర్ల దాకా ఎక్కిన రగడ. మనకిందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మంత్రిగారు వస్తారంటే సున్నం ఎక్కడ వెయ్యాలో, ఎంతవరకు వెయ్యాలో మనకు తెలుసు.

ముఖ్యమైంది బాధ్యతల పంపకం. ఇందులో 1941 నాటి హవాయిని మించిన నమూనా దొరకదు. పెర్ల్ హార్బర్‌లో అమెరికా పసిఫిక్ ఫ్లీట్ అడ్మిరల్ కిమ్మెల్‌ది. రేవులో ఉన్న ఆ ఓడలను కాపాడే పూచీ సైన్యానిది, అంటే జనరల్ షార్ట్‌ది. దూరంగా విమానాలతో గస్తీ తిరగాల్సింది నేవీ. రాడార్ సైన్యం చేతిలో. ఇద్దరికీ పైవాడు ఆ దీవిలో లేడు, ఎవరి పెద్దలు వాళ్లకు వాషింగ్టన్‌లో ఉన్నారు. నవంబరు 27న ఇద్దరికీ వేర్వేరు మాటల్లో హెచ్చరికలొచ్చాయి. షార్ట్ దాన్ని విద్రోహుల భయంగా అర్థం చేసుకుని, కాపలాకు సులువని విమానాలను రెక్కకు రెక్క ఆనించి నిలబెట్టాడు. నేవీ దూరగస్తీ తిరుగుతోందని సైన్యం, సైన్యం పూర్తి అప్రమత్తంగా ఉందని నేవీ నిశ్చింతగా ఉన్నాయి.

డిసెంబరు 7 ఉదయం ఏడు కాకముందే డెస్ట్రాయర్ వార్డ్ రేవు బయట జపాన్ బుల్లి జలాంతర్గామి ఒకదాన్ని ముంచి కబురు పెట్టింది. ఆ కబురు నేవీలోనే మెట్లెక్కుతూ ఉండిపోయింది. 7:02కి ఒపానా రాడార్‌లో 130 మైళ్లకు పైగా దూరంలో విమానాల గుంపు కనిపించింది. అవి కాలిఫోర్నియా నుంచి రావాల్సిన తమ బాంబర్లే అనుకుని, కంగారు పడొద్దన్నాడు సైన్యం లెఫ్టినెంటు. 7:55కి జపాన్ బాంబులు పడ్డాయి. రెండు కబుర్లూ ఒక బల్ల మీదికి వచ్చుంటే దాదాపు గంట వ్యవధి ఉండేది. అయితే ఆ బల్ల ఎవరి ఆఫీసులో ఉండాలన్నదే అసలు తగవు.

ఈ విద్యలో మనం అమెరికాకు తీసిపోం. రామాయపట్నం 2022 దాకా ప్రకాశం జిల్లా, ఆ ఏటి విభజనలో నెల్లూరు లెక్కలోకొచ్చింది, 2025 ఆఖర్లో మళ్లీ ప్రకాశంలోకే పోయింది. రేపు శత్రువు అక్కడ దిగితే ఒంగోలు నెల్లూరుకు రాస్తుంది, నెల్లూరు ఒంగోలును పాత ఫైలు పంపమంటుంది. ఫైలొచ్చేదాకా శత్రువు చేపల పులుసు తింటూ కూర్చోవాల్సిందే.

అధ్యక్షుడు పోతే తర్వాతెవరు? దీనికి రష్యా పద్ధతి శ్రేష్ఠం. 1904 అక్టోబరులో రష్యా అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీ బాల్టిక్ ఓడలతో 18,000 మైళ్ల అవతల జపాన్ మీదికి బయల్దేరాడు. ఉత్తర సముద్రంలోనే బ్రిటిష్ జాలర్ల పడవలను జపాన్ టార్పెడో బోట్లనుకుని కాల్చారు. ఒక పడవ మునిగింది, జాలర్లు చచ్చిపోయారు, గుండ్లు సొంత క్రూజరు అరోరాకూ తగిలాయి. మన దళమూ మొదట కాల్చేది మన పడవల్నే కాబట్టి మైపాడు వాళ్లు పరిహారం దరఖాస్తులు ఇప్పుడే రాసిపెట్టుకోవడం మంచిది. దారిలో మళ్లీ దొరకదేమోనని రష్యన్లు బొగ్గు డెక్కుల మీద కూడా పోశారు. బరువుకు ఓడలు దిగబడి, పక్కలకున్న ఉక్కు కవచం చాలావరకు నీటి కిందికి పోయింది. గుండు తగిలేది ఆ పైన.

యుద్ధానికి రెండు మూడు రోజుల ముందు రెండో స్థానంలో ఉన్న అడ్మిరల్ ఫెల్కెర్జామ్ జబ్బుతో చనిపోయాడు. మనసులు దెబ్బతింటాయని ఆ సంగతి దాచారు. ఆయన జెండా ఒస్లియాబ్యా ఓడ మీద అట్టాగే ఎగురుతూ ఉంది, పెట్టెలో ఆయనా అందులోనే. మూడోవాడైన నెబొగటోవ్‌కు తాను రెండోవాణ్ణయ్యానన్న సంగతి చెప్పలేదు, యుద్ధ పథకమూ చెప్పలేదు. 1905 మే 27న జపాన్ దీవి సుషిమా దగ్గర పోరు మొదలైన గంటకు అటూఇటూగా ఒస్లియాబ్యా మునిగింది, పెద్దాయన ఓడ చుక్కాని పోయింది, ఆయన తలకు దెబ్బ. ఇక ఎవరు ముందుంటే వాళ్ల వెనక మిగతావి తిరిగాయి. నాయకత్వం నీదేనన్న కబురు నెబొగటోవ్‌కు సాయంత్రానికి గాని చేరలేదు. మర్నాడు ఆయన మిగిలిన ఓడలతో లొంగిపోయాడు.

ఇక్కడ మన జిల్లాకున్న ఒక సౌకర్యం చెప్పుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. మే 27 అందులోకే వస్తుంది. మన దళమైతే ఆ రోజు ఒడ్డునే ఉండేది, ఒక్క ఓడా పోయేది కాదు.

చెయ్యకూడని పద్ధతి కూడా చెప్పాలి కదా, అది 1971 విశాఖ. తూర్పు ఫ్లీటు పుట్టిందే నవంబరు 1న, పాకిస్తాన్‌తో యుద్ధానికి నెల ముందు. ఒడ్డున వైస్ అడ్మిరల్ కృష్ణన్, ఓడల మీద రియర్ అడ్మిరల్ శర్మ. విమానవాహక నౌక విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలింది. ఆవిరి తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే డెక్కు మీద ఎదురుగాలి తగ్గుతుంది, అది చాలకపోతే విమానం లేవదు. ఆ పగులు దాచి రంగులెయ్యకుండా, ఉన్న వేగానికే పథకం రాసుకున్నారు. ఎంత అమాయకత్వం! పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ను వెతుక్కుంటూ వస్తోందని పసిగట్టి, విక్రాంత్‌ను అండమాన్ల వైపు దాచి, పాత డెస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ మాదిరి సిగ్నళ్లు పంపించారు. విక్రాంత్ ఇక్కడే ఉందని పుకారు పుట్టాలని కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు బోలెడు ఆర్డరిచ్చారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ విశాఖ ముంగిట మునిగింది. ఎట్టా మునిగిందన్నదానిపై రెండు దేశాలదీ ఇప్పటికీ చెరో మాట.

నెల్లూరులో ఆ ఖర్చే ఉండేది కాదు. కిలో వంకాయలు కూడా కొనక్కర్లేదు. "ఎవరికీ చెప్పమాక సామీ" అని ట్రంకు రోడ్డులో ఒక్కరి చెవిన వేస్తే సాయంత్రానికి ఘాజీ కెప్టెన్‌కు చేరేది. కాకపోతే దాచాల్సిన కబురూ అదే దారిన పోతుంది. అందుకని రహస్య సమాచార విభాగం పదవి ఒక్కటే ఎవరికీ ఇవ్వకుండా ఆపాం. దానికి దరఖాస్తు పెట్టినవాళ్లంతా, పదవి తమకే వచ్చిందని అప్పుడే వాట్సాప్ స్టేటస్ పెట్టేశారు.