జనం లేని కాలంలో చింకి తెర

పర్యాటక శాస్త్రంలో తిరుగులేని సూత్రం ఒకటుంది. జూలై, ఆగస్టుల్లో యూరప్ వెళితే జనం తొక్కేస్తారు. కాబట్టి బుర్ర ఉన్నవాళ్ళు వసంతంలో వెళతారు. ఈ సూత్రాన్ని జర్మనీ నుంచి ఫోన్ చేసి మరీ నాకు ఉపదేశించినవాడు మా బావమరిది. "ఏప్రిల్లో అక్కడ ఈగ కూడా ఉండదు బావా. కొండ, సముద్రం, నువ్వు, అక్క. అంతే!"

అక్కడ అంటే ఇటలీ వాయవ్య తీరం, లిగూరియాలో చింక్వె తెర్రె. 'ఐదు నేలలు' అని అర్థం. సముద్రం అంచున కొండను పట్టుకు వేలాడుతున్న ఐదు రంగురంగుల ఊళ్ళు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మా అత్తగారికి ఒకటికి మూడుసార్లు చెప్పినా 'చింకి తెర' అనే వినపడింది. "ఇన్ని లక్షలు పోసి చింకి తెర చూడ్డానికి పోవడమేమిటి బాబూ, అటక మీద మనదే ఒకటుంది" అన్నారు.

ఊళ్ళ పేర్లు మాంతెరొస్సొ, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియొమజ్జొరె. అన్నీ అచ్చుతో ముగిసేవే. మన తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు కదా, ఈ చుట్టరికం చెప్పుకుంటే వీసా తేలిగ్గా వస్తుందేమో అనుకున్నాను. చుట్టరికం చూపించడానికి ఫారంలో గడి లేదు. 30,000 యూరోల ఇన్సూరెన్సు చూపించడానికి మాత్రం ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు ఉత్తరం, తిరిగి వచ్చేస్తానని నమ్మకం కలిగించే ఇంకో ఉత్తరం. మా పెళ్ళికి కూడా మామగారు నా గురించి ఇంత వాకబు చేయలేదు.

ఇక తేదీలు. బావమరిది పంపిన ఎక్సెల్ షీటు ముందు పెట్టుకుని, పక్కన ఇటలీ క్యాలెండరు పెట్టుకుని కూర్చున్నాను. ఈస్టరు వసంతంలోనే వస్తుంది. క్రిస్మస్ ఇంటివాళ్ళతో, ఈస్టరు నీకు నచ్చినవాళ్ళతో అని వాళ్ళకో సామెత. నచ్చినవాళ్ళను వెంటేసుకుని జనం వెళ్ళేది ఇలాంటి ఊళ్ళకే. ఈస్టరు మర్నాడు సోమవారం కూడా సెలవే. ఏప్రిల్ 25 విమోచన దినం, మే 1 కార్మిక దినం. సెలవుకీ ఆదివారానికీ మధ్య ఒకరోజు మిగిలితే దాన్ని కూడా కలిపేసుకుంటారు, దానికి 'పొంతె' అని పేరు, అంటే వంతెన. ఈ విషయంలో చుట్టరికం నిజమేననిపించింది. ఆ రోజుల్లోనే జర్మనీ బడులకూ ఈస్టరు సెలవులు. అంటే మా బావమరిది లాంటి బుర్ర ఉన్నవాళ్ళంతా, ఒకళ్ళ కంట ఒకళ్ళు పడకూడదని, ఒకే వారంలో, ఒకే రైలెక్కుతారన్నమాట.

ఆ రైలు లా స్పెత్సియా నుంచి లెవాంతో దాకా నడుస్తుంది. దారంతా దాదాపు సొరంగమే. సముద్రం కనబడీ కనబడగానే మళ్ళీ చీకటి. మన కరెంటులాగే. ఊరికీ ఊరికీ మధ్య కొద్ది నిమిషాలు. టికెట్ కార్డు ధర మాత్రం రోజు రద్దీని బట్టి మారుతుంది. సంక్రాంతికి విజయవాడ బస్సు ఎక్కినవాళ్ళకు ఈ పద్ధతి వివరించనక్కర్లేదు. ఆ ఐదు ఊళ్ళ సొంత జనాభా మొత్తం కలిపినా నాలుగు వేలు దాటదు. ఏటా వచ్చిపోయేవాళ్ళ లెక్క లక్షల్లో.

రియొమజ్జొరె నుంచి మనరోలాకు కొండ అంచున ఒక బాట ఉంది, పేరు 'ప్రేమ బాట'. కిలోమీటరు కూడా ఉండదు. 2012లో రాళ్ళు పడి నలుగురు పర్యాటకులు గాయపడితే మూసేశారు, తిరిగి తెరిచేసరికి 2024 వచ్చింది. ఇప్పుడు దాని మీద నడవాలంటే ముందే టైమ్ స్లాట్ తీసుకోవాలి, టికెట్టు కొనాలి, పైగా వన్ వే. మా ఆవిడకు ఇది చదివి వినిపించాను. "స్లాటెడ్ దర్శనం సరే, ప్రసాదం ఇస్తారా?" అంది. ప్రేమ వన్ వే అన్న సంగతికి ఆమె ఆశ్చర్యపోలేదు.

కొర్నీల్యా స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లు. బావమరిది వాటికి ఎర్రరంగు వేసి 'కష్టం' అని రాశాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మా అత్తగారు దాన్ని చూసి నవ్వారు. చెప్పులు మాత్రం ఆలోచించాల్సిన విషయమే. కొండ బాటల మీద హవాయి చెప్పులతో దొరికితే 50 నుంచి 2,500 యూరోల దాకా జరిమానా అని 2019లోనే హెచ్చరించారు. నేను పుట్టింది మొదలు తొక్కిన చెప్పులన్నీ కలిపినా అంత ఖరీదు చేయవు.

తిండికి ఇబ్బంది లేదు, ఫరినాతా ఉంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి పొయ్యిలో కాల్చే అట్టు. పెస్తో అనే అక్కడి పచ్చడి గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పాలరాతి రోట్లో బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, ఉప్పు, చీజు వేసి నూరతారు. లిగూరియాలోనే ఉన్న జెనోవా నగరంలో దీని నూరుడుకు ప్రపంచ పోటీలే పెడతారు. బేసిల్ అంటే తులసికి చుట్టమని నోరుజారాను. "తులసమ్మతో పచ్చడా!" అని అత్తగారు చెంపలేసుకున్నారు. సబ్జా గింజల మొక్కేనండీ అని సర్దిచెప్పాను. అందులో పడే పార్మెజాన్ చీజును దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పేరబెడతారన్న సంగతి మాత్రం ఎక్సెల్‌లో దాచిపెట్టిన కాలమ్‌లో ఉంది.

అసలు ఎక్సెల్‌లో ఎక్కడా లేనిది ఇంకొకటుంది. ఫోటోల్లో ఆ ఊళ్ళ వెనక పచ్చటి మెట్లలా కనబడేవి ద్రాక్ష తోటలు. నిటారైన కొండను చదును చేసి, సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు వాటిని ఆపుతున్నాయి. వందల ఏళ్ళ చాకిరీ. మనిషి ఎక్కడమే కష్టమైన చోట్ల ద్రాక్ష గంపలు మోయడానికి ఒంటిపట్టా మీద బుల్లి బండి నడుపుతారు. కుర్రాళ్ళు పొలం వదిలేస్తే గోడ చూసేవాడుండడు, రాయి జారుతుంది, దాని వెనకే మట్టి. 2011 అక్టోబరు 25న కుండపోత కురిస్తే వెర్నాత్సా, మాంతెరొస్సొ వీధులు బురదలో కూరుకుపోయాయి. "ఇవి చూడ్డానికి ఎంతసేపు పెడదాం?" అని బావమరిదిని అడిగాను. "గోడలా? రైల్లోంచి కనబడతాయి బావా" అన్నాడు. సొరంగం సంగతి నేను గుర్తుచేయలేదు.

నిన్న వీసా వేలిముద్రలకు వెళ్ళాను. హాలు కిటకిటలాడుతోంది. నా వెనక నిలబడ్డ పెద్దాయన చేతిలో రంగురంగుల ఎక్సెల్ ప్రింటు. ఎక్కడికండీ అని అడిగాను. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వంగి చెప్పాడు.

"చింక్వె తెర్రె అనీ, ఇటలీలోనండీ. ఏప్రిల్లో ఈగ కూడా ఉండదట. ఎవరికీ చెప్పకండి."